ముద్ర విప్పని వేళ

వర్షర్తువు వెడలి శరత్కాలము ప్రవేశించిన తొలిదినములలో నొకనాఁటి సాయంకాలమున సూర్యబింబము కాఁగిన రాగిపళ్లెరమువలెఁ బడమటికొండల వెనుకకు జాఱుచుండెను. విశాఖపట్టణపు రేవునీరు నూనెతెట్టులతో నింద్రధనుస్సు వన్నెలు దాల్చి కదలియుఁ గదలక యుండెను. ఇనుపరాతిధూళిచేఁ గెంపెక్కిన గాలి గట్టుమీఁది భారయంత్రముల నడుమ నిట్టూర్పులు విడుచుచుండఁగా యారాడకొండ నల్లని యేనుఁగువలె సముద్రమునకు మోము ద్రిప్పి మౌనముగాఁ బరుండియుండెను. ఆ కొండనీడ మెల్లమెల్లఁగాఁ బ్రాఁకివచ్చి గట్టునఁ గట్టియున్న సముద్రవల్లి యను విహారనౌకయొక్క ధవళపార్శ్వమును సగముదాఁకఁ గ్రమ్మెను. గట్టునకును నౌకకును నడుమ నొక మనుష్యుఁడు పట్టునంతటి యెడము గలదు. అచ్చటి నీరు పట్టపగలును నల్లనై యేదియో నమలుచున్నట్లు చప్పుడు చేయుచుండును.

సముద్రవల్లి విశాఖనుండి చెన్నపట్టణమునకును పుదుచ్చేరికిని విహారార్థము పోవు నౌక. నాటకశాలయు నీఁతకొలనును భోజనశాలలును అందుఁ గలవుగాని యెక్కినవారిలోఁ బెక్కండ్రు మొట్టమొదట వెదకుకొనునది పైయంతస్తులోని బారునే. అయినను నౌక రేవున నిలిచియున్నంతసేపు అచ్చట మద్యబిందువైన దొరకదు. గట్టుఁ జేరినతోడనే కస్టమ్సువారు వచ్చి సీసాల బీరువాలకుఁ దాళములు వేయించి తీఁగ చుట్టి సీసపుముద్రలు వేసి పోవుదురు. నౌక గట్టు విడిచి రేవుపొలిమేర దాఁటి, దారి చూపవచ్చిన పైలటు త్రాటినిచ్చెనమీఁదుగాఁ దన పడవలోనికి దిగిపోయినపిదపఁ గాని యా ముద్రలు విప్పరాదు. విప్పినవాని యుద్యోగము పోవుటయే కాక నౌకకుఁ గల యనుమతియే పోవును. ఊరిలోఁ గొనితెచ్చిన సీసాలను సైతము నౌక యెక్కుచోటనే తీసికొని పేరు వ్రాసి దాఁచి యాత్ర ముగిసినపిదప నిత్తురు. ముద్రలు మద్యమునకే కాని మంచినీళ్లకును శరబత్తులకును లేవు. కాని ముద్రపడిన బారునొద్దకు వచ్చి మంచినీళ్లడుగువారు మిక్కిలి యరుదు.

భీమునిపట్టణపు జాలరికుటుంబమునఁ బుట్టిన సూరాడ దానయ్య యా బారునకు నూతనముగా నధికారియై వచ్చెను. నెమ్మదిగలవాఁడు, నియమము తప్పనివాఁడు. రేవునందలి ప్రతిసాయంకాలమును బ్రతిమాలువారును గద్దించువారును వేళాకోళమాడువారును వచ్చుచుండఁగా నతఁడు గాజుగ్లాసులు తుడుచుచుఁ దల యెత్తకయే యందఱకు నొక్కమాట చెప్పుచుండెను.

“సీలు ఏసీసినారండి. పైలటు దిగినాక రండి.”

చెప్పఁగాఁ జెప్పఁగా నా మాట యతని నాలుక కెంతగా నలవడెననఁగా, ఎదుటివాఁడు నోరు విప్పుటయే తడవుగా నది తనంతనే వెలువడుచుండెను.

అతఁడు విశాఖరేవునఁ గడపిన మొదటి సాయంకాలముననే యొక మనుష్యుఁడు వచ్చి బారుబల్లయొద్దఁ జివరి పీఁటమీఁదఁ గూర్చుండెను. ఏఁబదియేండ్ల ప్రాయమువాఁడు. తెల్లనిచొక్కా యొడలి కంటుకొని తడిసియుండెను. ఈఁతకొలనునుండి వచ్చినాఁడు కాఁబోలునని దానయ్య తలఁచెను.

“తమ్ముడూ, ఒక గ్లాసు...” అని యతఁడు దీనస్వరముతో నారంభించెను.

“సీలు ఏసీసినారండి. పైలటు దిగినాక రండి.”

ఆ మనుష్యుఁడు తల వంచి లేచిపోయెను. నేలమీఁది తడియడుగులు మెట్లు దిగి, నౌకనుండి గట్టునకు వేసిన వంతెనవాకిటిదాఁకఁ బోయి యచ్చట నిలిచిపోయెను. నౌక సముద్రముఁ జేరి ముద్రలు విప్పినపిదప దానయ్య యతనికొఱ కెదురుచూచెను. అతఁడు రాలేదు. మఱునాఁడు భోజనశాలలో నెంత పరికించినను అట్టి మొగము గానరాలేదు. మరలి విశాఖకు వచ్చిననాఁటి సాయంకాలమున నదే చొక్కాతో నదే పీఁటమీఁద నతఁడే కూర్చుండియుండెను. నీటిలోఁ జాలసేపు నానిన చేతివ్రేళ్లు తెల్లనై ముడుతలుపడి బల్లమీఁద నుండెను. “తమ్ముడూ, ఒక గ్లాసు...” అని యదే మాట.

దానయ్య వెనుకకొక యడుగు వేసెను. అయినను నాలుక మాత్రము తన పని తాను చేసెను.

నౌకలోని పాతవంటవాఁడు సంగతి విని పెదవి విఱిచెను. “ఆడు తాగుడికి సచ్చినోడు బాబూ. సీలు తీసేదాకా ఆగనేక ఊర్లోకి దిగిపోయేడు. ఓడ కదిలిపోతాదని పరిగెత్తుకొస్తా గట్టుకీ ఓడకీ మద్దెనున్న సందులో పడిపోయేడు. యావ సావలేదు. ఆడికేటీ ఇయ్యకు, నువ్వు పీకల్లోతు మునుగుతావు.”

అది మొదలు విశాఖరేవు దగ్గఱపడుచున్నదనఁగానే దానయ్యకు భయము పుట్టుచుండెను. రేవుననే ప్రాణము విడిచినవాఁడు రేవు దాఁటిరాలేఁడు. రేవు దాఁటినఁగాని ముద్రలు విప్పరాదు. కావున ప్రపంచమున నౌకలు నడచునంతకాలము వాఁ డడుగుచునే యుండవలెను, తాను లేదనుచునే యుండవలెను. ఒక్కగ్రుక్కెఁడు పోసిన శాంతించునేమో యను తలంపు వచ్చినప్పుడెల్ల నతని చూపు సీసపుముద్రలమీఁదికిఁ బోయి మరలుచుండెను. ఇంటికి వెళ్లినను భార్య మంచినీళ్లు ముంచు చప్పుడునకు నులికిపడుచుండెను. ఉద్యోగము మానివేయుదునని రెండుమూఁడు మాఱులు నిశ్చయించుకొని మరల మానివేయలేకపోయెను.

మొదటఁ జెప్పిన యా శరత్సాయంకాలమున బారు తెఱచినతోడనే యఱువదియేండ్లదగు నొక స్త్రీ మెల్లఁగా వచ్చి యా చివరిపీఁటమీఁదనే కూర్చుండెను. నూలుచీర, బోసినొసలు, చేతిలో నొక రుమాలు.

“సీలు ఏసీసినారమ్మా. పైలటు దిగినాక...”

“నాకు మందక్కర్లేదు బాబూ,” అని యామె యతని మొగము సూటిగాఁ జూచెను. “నేనడగాల్సింది పూర్తిగా అడగనియ్యవా?”

దానయ్య చేతిలోని గుడ్డ నిలిచిపోయెను. అతఁడు తల యూఁపెను.

ఆమె పేరు పెంటకోట వరహాలమ్మ. అనకాపల్లి కాపురస్తురాలు. ఆమె భర్త నూకరాజు బెల్లపువర్తకుఁడు. పడుచుతనమున మద్యపానాసక్తుఁడై యిల్లు గుల్ల చేసినవాఁడు. పిదప సింహాద్రప్పన్న సన్నిధిని బ్రమాణము చేసి మానివేసినవాఁడు. మానిన చాలయేండ్లకు భార్యకు సముద్రము చూపింపవలెనని ముచ్చటపడి యామెను వెంటఁబెట్టుకొని యీ నౌకయే యెక్కెను. నౌక గట్టునఁ గదలకయున్నను నూనెకంపునకును సన్నని యూఁగునకును ఆమె కడుపులోఁ దిప్పఁగా గదిలోఁ బండుకొనెను. “ఇప్పుడే వస్తాను” అని యతఁడు వెలుపలికిఁ బోయెను. తిరిగి యామె చూచినది గట్టుమీఁదఁ బరుండఁబెట్టిన తడిసిన శవమును.

“విచారణలో అప్పటి బారు ఆయన చెప్పేడు. గ్లాసడిగేడు, సీలుందన్నాను, దిగిపోయేడు అని. అంతే. మిగిలిందంతా జనమే అల్లీసేరు బాబూ. తాగుబోతు బుద్ధి పోలేదన్నారు. ఒట్టు తప్పేడు, అప్పన్న చూసుకున్నాడన్నారు.” ఆమె రుమాలు మడత పెట్టి మరల విప్పెను. “నేనూ అల్లీసుకున్నాను. గోడమీంచి ఫొటో తీయించీసేను. కూతురి పెళ్ళి శుభలేఖలో ఆయన పేరు వెయ్యనివ్వలేదు. పిల్ల కాళ్ళట్టుకుని ఏడ్చింది, అయినా ఒప్పుకోలేదు. ఇప్పుడీ వయసొచ్చేక నిద్దరట్టడం లేదు. ఆయన ఏ గ్లాసడిగేడో ఎరిగినవాడు ఒక్కడన్నా ఉంటాడేమోనని వచ్చేను.”

“అప్పటి ఆయన పోయేరమ్మా. నేను కొత్తోడిని,” అని దానయ్య నేలచూపులు చూచుచుఁ జెప్పెను. ప్రతియాత్రయందును నీ భర్త వచ్చి దాహముతో నడుగుచున్నాఁడని యే నోటితోఁ జెప్పవలెను?

ఇంతలో నౌకయంత్రములు మేల్కొని నేల సన్నగా వణఁకెను. వరహాలమ్మ మొగము పాలిపోయెను. రుమాలు నోటి కద్దుకొని “మళ్ళీ తిప్పుతోంది” అని లేచి గోడ పట్టుకొనుచుఁ దన గదికిఁ బోయెను.

ఆమె లేచిన పీఁటమీఁద నతఁడు కూర్చుండియుండెను.

ఎప్పుడు వచ్చెనో తెలియదు. తలవెండ్రుకలనుండి నీటిబొట్టులు బల్లమీఁద రాలుచుండెను. దానయ్య బీరువావైపునకుఁ దిరిగి సీసపుముద్రమీఁదఁ జేయి వేసెను. తీఁగ చల్లగా నుండెను. ఈ దినమున వీఁడేమి యడిగినను ఇచ్చెదను, ఉద్యోగము పోయినను సరియే, ఆ తల్లి మొగము చూచినపిదప లేదనఁజాలను అని యతఁడు నిశ్చయించుకొనెను.

“తమ్ముడూ, ఒక గ్లాసు...”

నాలుకమీఁదికి వచ్చిన మాటను దానయ్య పండ్లతోఁ బట్టి యాఁపెను. ఆఁపి, తిరిగి, ఆ తడిసిన మొగమును మొదటిమాఱు చక్కఁగాఁ జూచెను. అది దాహముగొన్న మొగము గాదు. తొందరపడుచున్న మొగము.

“ఏటి గ్లాసు బాబూ? పూర్తిగా సెప్పండి. ఇంటన్నాను.”

ఆ మనుష్యుఁడు తన కా ప్రశ్న యర్థముకానట్లు కొంతసేపు చూచెను. పిదప నతఁడు బల్లమీఁదికి వంగెను.

“నిమ్మరసం. పంచదారొద్దు, బెల్లంముక్క వెయ్యి. రవ్వంత ఉప్పు. మా యావిడికి కడుపులో తిప్పుతోంది, పైకి లేవలేకపోతోంది. సీలుందన్నారు గదా, ఊళ్ళో తెచ్చీద్దామని దిగేను తమ్ముడూ.”

దానయ్య చేయి ముద్రమీఁదనుండి జాఱిపోయెను. అడుగఁబడినది యే ముద్రయు లేని వస్తువు. తనకు ముందున్నవాఁడు నాఁడును, తా నీ యాత్రలన్నిటను, ఒక్కనిమిషము చెవి యొగ్గక యీ మనుష్యుని నా నల్లని సందులోనికి మరల మరలఁ బంపుచుండిరని తెలిసి యతనికిఁ గాళ్లు తేలిపోయెను. వంటశాలలోనికిఁ బరువెత్తి బెల్లపుముక్కయు నుప్పును దెచ్చి, నిమ్మకాయలు పిండి గ్లాసు నిండించి యెదుటఁ బెట్టెను.

“నువ్వే ఇయ్యి తమ్ముడూ. ఈ బల్లదాకా వస్తున్నాను గానీ మా గదికి పోలేకపోతున్నాను,” అని యతఁడు మెల్లఁగా ననెను.

దానయ్య గ్లాసు పట్టుకొని పరువెత్తి వరహాలమ్మ గదితలుపు తట్టెను. ఆమె లేచి, ఎవరు పంపిరని యడుగకయే యొకగ్రుక్క త్రాగి, ఱాయివలె నిలిచిపోయెను.

“బెల్లం,” అనెను. “ఎవరు చెప్పేరు నీకు? పంచదార మా ఇంట్లో ముట్టనిచ్చేవాడు కాదు. ఎవరు చెప్పేరు?”

“ఆయనే సెప్పేరమ్మా. ఆ రోజు మీకోసమే అడిగేరంట. ఇది దొరక్కే దిగేరంట.”

ఆమె బొబ్బపెట్టలేదు, మూర్ఛిల్లలేదు. “ఎక్కడున్నాడు?” అని మాత్ర మడిగి, వట్టికాళ్లతో నతనివెంట వచ్చెను. అప్పటికి నౌక గట్టు వీడెను. చివరిపీఁట శూన్యమై, తడి మాత్రము మిగిలి యుండెను. వరహాలమ్మ యా తడిమీఁద నఱచేయి మోపి, పసిబిడ్డ నుదురు తాఁకి చూచుతల్లివలెఁ జాలసేపు నిలిచెను. పిదప నా చేతిని గన్నుల కద్దుకొని నౌకయంచునకుఁ బోయెను.

అటుపిమ్మటి యాత్రలలో నా మనుష్యుఁడు రాలేదు. అయినను దానయ్యకు భయము తీఱెనేకాని నెమ్మది చిక్కలేదు. నిషేధము పలుకుటకు క్షణము చాలును. నిషేధింపఁబడినది యేదియో యెఱుఁగుటకు మాత్ర మెదుటివాని మాట ముగియువఱకు నిలువవలెను. తన జన్మమున సగములోఁ ద్రుంచినమాట లింక నెన్ని, యవి యెవరెవరిని నీళ్లపాలు చేసెనో యను చింత మాత్ర మతనిని విడువదయ్యెను.

ఆ సాయంకాలమునఁ బైలటుపడవ తోఁక యూఁపుచు రేవువైపునకు మరలఁగానే బారునందు ముద్రలు త్రెంచిరి. జనులు కేకలు వేయుచు లోనికిఁ దోసికొనిపోయిరి. నౌకయంచున నొంటరిగా నిలిచిన వరహాలమ్మ ఫోను చెవినిఁ బెట్టుకొని కూఁతుతో మాటాడుచుండెను.

“హైమా, మీ నాన్న తాగడానికెళ్ళలేదే. నాకు నిమ్మరసం కోసం వెళ్ళేడే. వింటున్నావా? నాకోసం వెళ్ళేడే.”

తీరము దూరమైనకొలఁది ఫోనులోని స్వరము తెగి తెగి తుదకు నిశ్శబ్దమయ్యెను. ఆమె దానిని జెవినుండి దింపలేదు. చీఁకటి పడుచున్న సముద్రమువైపు మొగము పెట్టి, ఇన్నియేండ్లు నోట రానీయని భర్తపేరును, నూకరాజు, మా నూకరాజు, అని మరల మరలఁ బలుకుచునే యుండెను.