తెర మీద వేరే జవాబు

పొద్దుటి నుంచి అదే పని. ఎడమ పక్కన మాస్టారి నోట్సు, ఎదురుగా తెర, మధ్యలో చల్లారిపోయిన కాఫీ. టైపమ్మ ఒక పేరా కొట్టి, దాని కింద పిల్లలు అంకెలు వేసుకునే గడులు పెట్టి, బొమ్మలో గీత కదిలేట్టు చేసి, ఒకసారి నొక్కి చూసుకుని కాగితం తిప్పుతోంది. కాలేజీలో టైపు మిషన్లు పోయి ఏళ్లు గడిచినా ఆ పేరు ఆవిణ్ని వదల్లేదు. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు సొంత పేరు పెట్టి పిలిస్తే, ఎవరినో అనుకుని ఊరుకుంటుంది.

పక్కనున్న కాగితం కేసి చూసి చూసి మెడ ఒకవైపుకు ఒరిగిపోయింది. అన్నం తింటున్నా అంతే. "ఎవరి కంచంలోకే ఆ చూపు?" అని మొగుడు ఆటపట్టిస్తాడు.

స్టాటిస్టిక్స్ మాస్టారి క్లాసు నోట్సంతా ఇంటర్నెట్‌లో పుస్తకంగా పెట్టాలన్నది హెడ్డు గారి ఆలోచన. మాస్టారు చిన్నపిల్లాడిలా సంబరపడిపోయారు. రోజూ క్లాసు కాగానే సుద్ద చేతులతోనే వచ్చి పక్కన కూర్చునేవారు. "నీకర్థమైందా అమ్మాయ్? కాకపోతే చెప్పు, మళ్లీ రాస్తా. నీకు కానిది పిల్లలకి మాత్రం ఎలా అవుతుంది?" అనేవారు. ఆ కాలేజీలో ఆవిణ్ని అర్థమైందా అని అడిగింది ఆయనొక్కరే. మిగతావాళ్లంతా పని అయిందా అనే అడుగుతారు.

పోయిన వారం హెడ్డు గారు గుమ్మంలోనే నిలబడి చెప్పారు. "ఇది పూర్తయితే వచ్చే ఏడాది ఆయన క్లాసులు అక్కర్లేదు. పిల్లలు తెర మీదే నేర్చుకుంటారు. అప్పుడే ఆయనతో అనకు."

టైపమ్మ మీటల మీద నుంచి చేతులు తీసేసింది. తన చేతులతో తనే ఆయన పొట్ట కొడుతోందన్నమాట! పుస్తకం పూర్తయ్యేదాకా క్లాసులు ఆయనవే కదా. అందుకని, అంకెలు సగటుకి ఎంత దూరంగా చెదిరాయో చెప్పే విచలనం లెక్క కట్టే పేజీలో ఒకచోట అంకె మార్చి తప్పు పెట్టింది. కావాలనే. నోట్సులోని అంకెలే వేసినా నోట్సులో లేని జవాబు వస్తుంది. వెతుకుతున్నాను, దొరకడం లేదు అంటూ కొత్త పిల్లలు చేరేదాకా నెట్టుకురావచ్చు. ఎంతో తెలివైన పని చేశాననుకుంది, పిచ్చి మొహం.

ఇవాళ మాస్టారు ఆ పేజీ తెరిచారు. నోట్సులోని లెక్కే: బస్సు కోసం ఎంతసేపు నిలబడ్డారో పిల్లలు రాసుకొచ్చిన అంకెలు, బోలెడన్ని. అన్నీ వేశారు. జవాబు చూశారు. నోట్సులో ఉన్నది కాదు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ వేశారు. ఆ తర్వాత కాగితం తీసుకుని చేత్తో కట్టడం మొదలుపెట్టారు. కంగారులో ఒక్కోసారి ఒక్కో జవాబు.

"మిషన్‌దే తప్పేమో మాస్టారూ," అంది టైపమ్మ.

"మిషనుకేం తెలుసమ్మా తప్పు చెయ్యడం? మనం చెప్పిందే చేస్తుంది. నాదే. మొన్న బోర్డు మీద చిన్న కూడిక తప్పేశా. పిల్లలు నవ్వారు."

చెప్పెయ్యాలి. తప్పు నేనే పెట్టానంటే, ఎందుకు పెట్టావంటారు. ఎందుకో చెప్పాలంటే, వచ్చే ఏడాది మీరు అక్కర్లేదట అని తన నోటితోనే అనాలి.

"రేపు చూద్దాం లెండి. మీరింటికెళ్లి కాస్త నడుం వాల్చండి," అంది. గండం గడిచిందనుకుంది కూడా. ఛీ!

మధ్యాహ్నం హెడ్డు గారు హుషారుగా వచ్చారు. "మాస్టారు మానేశారు, తెలుసా? తనంతట తనే వచ్చి చెప్పారు. ఇన్నేళ్లూ పిల్లలకి తప్పులే నేర్పానేమో, ఇంక పాఠం చెప్పలేను అన్నారు. నేనూ వద్దనలేదు. చెప్పలేక నేను నలిగిపోతున్న మాట ఆయనే చెప్పారు, బతికించారు. ఆ పేజీ ఒక్కటీ సరిచేసెయ్."

టైపమ్మ తెర వైపు తిరిగింది. తను మార్చిన అంకె మళ్లీ మార్చింది. నోట్సులోని మాస్టారి జవాబే వచ్చింది, చుక్క తేడా లేకుండా. చిటికెలో అయిపోయింది.

ఫోను చెవికి ఆనించుకుని మెట్లు ఎక్కింది. మోగుతోంది, తియ్యడం లేదు. "మీ లెక్క సరైనదే మాస్టారూ, పాడు చేసింది నేనే," అని మనసులో అనుకుంటూనే ఉంది. ఇందాక ఈ మాట ఎక్కడికి పోయింది? ఇక ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. మళ్లీ చేసింది. తియ్యలేదు.

పైన మాస్టారి క్లాసు తలుపు తీసే ఉంది. బెంచీలు ఖాళీ. ఇక ఎవరూ రాయని బోర్డు ఈ మూల నుంచి ఆ మూలకి నల్లగా మెరుస్తోంది. కిటికీ ఊచకి, బోర్డు తుడిచే గుడ్డ ఉతికి ఆరేసి ఉంది. దాని అంచు నుంచి తెల్లటి సుద్దనీళ్లు చుక్క చుక్కగా నేల మీద పడుతున్నాయి.