ఫ్రెంచి క్రియలకు కాయిర్ తాళం

ఫెయిత్‌కు ఫ్రెంచి వ్యాకరణమంతా కంఠతా వచ్చు. నోరు తెరిస్తేనే తంటా. కాగితం మీదున్న ప్రతి అక్షరాన్నీ పలికితేనే చదివినట్టని చిన్నప్పుడే అలవాటైన నాలుక. కాస్త కంగారు పడితే చాలు, ఫ్రెంచివాళ్లు మింగేసే చివరి అక్షరాలను కూడా మర్యాదగా బయటికి లాగేది. మౌఖిక పరీక్ష రెండుసార్లు పోయింది. ఈసారీ పోతే ఫ్రెంచి టీచరు ఉద్యోగం ఉండదని నేరేడ్‌మెట్‌లోని స్కూలువాళ్లు తేల్చి చెప్పేశారు.

పరీక్ష శనివారం. గురువారం సాయంత్రం చర్చిలో ఫెయిత్ పాడే కాయిర్ ప్రాక్టీసు, ఆదివారం కోతల పండుగలో పాడాల్సిన కొత్త పాటకు అదే ఆఖరిది. ఏడ్చిన కళ్లతో వచ్చిన ఫెయిత్‌ను, కాయిర్‌ను నడిపే యేసుదాసు పిలిచి సంగతి అడిగాడు. రిటైరైన రైల్వే గుమస్తా, ఫ్రెంచి ముక్క రాదు.

"పాటల మనం ఏం చేస్తం బిడ్డా? ఒక్కో స్వరం కింద ఒక్కో ముక్క పెడతం. స్వరం లేంది పాడం. ఫోన్ల ఎవరన్న ఫ్రెంచాయన మాట పెట్టు."

ఆయన కళ్లు మూసుకుని వింటూ బల్ల మీద వేలితో కొట్టాడు. 'మేము మాట్లాడతాం' అనేందుకు 'నూ పార్‌లోఁ', మూడు దెబ్బలు. 'వాళ్లు మాట్లాడతారు' అనేందుకు 'ఇల్ పార్ల్', రెండే.

"దీని చివర్ల ఇంకా మూడక్షరాలున్నయ్ అంకుల్."

"ఉంటే ఉండనీ. దెబ్బ లేదు, పాడకు."

ఆ పూట కొత్త పాట అటకెక్కింది. కాయిర్ మొత్తం తొడలు చరుస్తూ ఫ్రెంచి క్రియలు పాడింది. ఏ దేశంలోనూ ఏ కాయిర్‌కూ ఇంతటి భాగ్యం దక్కి ఉండదు.

శనివారం ఫెయిత్ బల్ల కింద మోకాలి మీద వేలు ఆడిస్తూ, ఒక్క అక్షరం ఎక్కువ పలకకుండా చదివింది. ఆదివారం మాత్రం పాట రెండో చరణంలోనే కుప్పకూలింది. సంఘ పెద్దలు నిలదీశారు. ఫెయిత్, ఆమె వెంటే కాయిర్‌వాళ్లూ లేవబోతే యేసుదాసు అందరినీ కళ్లతోనే వారించి, "తప్పు నాదే, సరిగ్గ నేర్పలే," అని తలవంచాడు.

మూడు వారాలకు ఫలితం వచ్చింది, పాసు. ఆ ఆదివారం, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల వేళ ఫెయిత్ మైకు అందుకుంది.

"దేవునికి స్తోత్రం. నా నౌకరీ నిలబడ్డది. ఆ రోజు పాట పాడైంది అంకుల్ వల్ల గాదు, నా వల్ల. ఆఖరి ప్రాక్టీసు మొత్తం నాకిచ్చిండు. మీరందరు అంటుంటే ఒక్క మాట బైట పెట్టలే. ఈ మేలు నేను మర్చిపోను."

ఆడవాళ్ల వరుసలోంచి యేసుదాసు భార్య రోసమ్మ గొంతు ఖంగున మోగింది. "నేను సుత మూడు వారాల సంది తిడుతనే ఉన్న గదయ్యా! నాకన్న చెప్పొద్దా?"

"రిజల్టు రాలే గదనే," అని యేసుదాసు గొణిగాడు. "పిల్ల పరేషానైతదని."

ఫెయిత్ ఇంకా చెప్పాలనుకున్నది చాలా ఉంది. మైకు పక్కన పెట్టి, అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది.