రాజు మీద లేచిన చెయ్యి

లండన్‌లో టర్వీ గారి అచ్చాఫీసులో చలికాలం పొద్దున పని మొదలయ్యే తీరు ఒకటే. కిటికీల మీది మంచు గీకడం, గడ్డకట్టిన సిరాను పొయ్యి పక్కన పెట్టడం, ఆ తర్వాత నిన్న కూర్చిన పేజీల్లో నిజమైన వాక్యాలు వెతుక్కుని వాటి మీద చేతులు కాచుకోవడం. అక్కడ నిజం కూర్చితే సీసపు అక్షరాలు వెచ్చబడేవి. అబద్ధమైతే చల్లగానే ఉండేవి. ఆ యేడు జార్జి రాజుల జీవితచరిత్రలకు మహా గిరాకీ. పనివాళ్ల వేళ్లు కొంకర్లు పోయేవి.

"రాజుగారి దానగుణం మీద ఇరవై పేజీలొచ్చాయి. ఇవాళ పొయ్యిలో బొగ్గు ఇంకాస్త వెయ్యండర్రా," అనేవాడు టర్వీ గారు.

మొగుడు పోయాక అతని చోటులోనే నిలబడి అక్షరాలు కూర్చేది కెజియా. ఆమె తండ్రి ఎజ్రా, మతి తప్పిన ముసలి రాజుకు సపర్యలు చేసిన నౌకరు. రాజును కొట్టాడని కోటలోంచి గెంటేశారు. ఆ అవమానంతోనే, జరిగిందేమిటో ఇంట్లో చెప్పకుండానే, మంచం పట్టి పోయాడు. సాక్ష్యం చెప్పింది ఆయనతో కలిసి పనిచేసిన సైలస్. అతను అబద్ధమాడాడని కెజియా పేటంతా చాటింది. పన్నెండేళ్లుగా అతని మొహం చూడలేదు.

ఆ రోజు ఆమె చేతికి ఒక కోట వైద్యుడు రాసుకున్న జ్ఞాపకాలు వచ్చాయి. పదకొండో ప్రకరణంలో ఉందా మాట: "నౌకరు ఎజ్రా రాజుగారి చెంపపై కొట్టెను."

పళ్లు బిగించి ఒక్కో అక్షరం ఏరి కూర్చింది. చల్లగా తగులుతుందని బొటనవేలు ఆనించింది. వెచ్చగా ఉంది. విప్పేసి మళ్లీ కూర్చింది. అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టెలా ఉంది.

టర్వీ గారు ఆమె మొహం చూశాడు. "ఇంటికి పోమ్మా. మిగతాది రేపు చూద్దాం," అన్నాడు.

ఆమె ఇంటికి పోలేదు, సైలస్ దగ్గరికి వెళ్లింది. కొవ్వొత్తుల కొట్టు మీది గదిలో అతను విరిగిన కుర్చీ బాగుచేస్తున్నాడు.

"తిట్టడానికి ఇన్ని మెట్లెక్కాలా? కిందనుంచి అరిస్తే వినపడేదిగా," అన్నాడు తలెత్తకుండానే.

"మా నాన్న కొట్టాడు. నువ్వు చెప్పింది నిజమే. నన్ను క్షమించు బాబాయ్." చిన్నప్పటి పిలుపు దానంతటదే వచ్చేసింది.

సైలస్ చేతిలో ఉలి ఆగిపోయింది.

"కొట్టాడమ్మా. ఆ పూట రాజు గోడకేసి తల బాదుకుంటున్నాడు. నెత్తురు కళ్లలోకి కారుతోంది. ఇద్దరం పట్టుకున్నా ఆగలేదు. మీ నాన్న చెంప మీద ఒక్కటిచ్చాడు. రాజు ఉలిక్కిపడి ఆగాడు. మీ నాన్న భుజం మీద తల పెట్టుకుని పసివాడిలా ఏడ్చాడు. వాళ్లు నన్ను, కొట్టాడా లేదా అనడిగారు. కొట్టాడన్నాను. గోడ సంగతి ఎత్తబోతే, అడిగినదానికే చెప్పమన్నారు."

"నాకైనా చెప్పొచ్చుగా!"

"నువ్వు చెప్పనిచ్చావా?"

మర్నాడు కెజియా వైద్యుడి వాక్యం కిందే సైలస్ మాటలు కూర్చింది. టర్వీ గారు వేలు పెట్టబోయి చటుక్కున లాక్కున్నాడు. కాలిపోతోంది.

"రాసినాయన ఒప్పుకోడేమో," అన్నాడొక పనివాడు.

"రమ్మందాం. చెయ్యి పెట్టి చూశాక వద్దనమను," అన్నాడు టర్వీ గారు.

వైద్యుడు వచ్చి, చేతి తొడుగు తీసి, వేళ్లు ఆనించాడు. కాలుతున్నా తియ్యలేదు. "నేను పక్క గదిలో ఉన్నాను. దెబ్బ చప్పుడొక్కటే విన్నాను," అని, తొడుగు తొడుక్కుని వెళ్లిపోయాడు. సైలస్ మాటలు అచ్చయ్యాయి.

పుస్తకం వచ్చిన ఆదివారం కెజియా సైలస్‌ని చెయ్యి పట్టుకుని చర్చి వెనక సమాధుల మధ్యకు తీసుకెళ్లింది. రాయి కూడా లేని గడ్డి దిబ్బ దగ్గర ఆగింది. సైలస్ టోపీ తీసి అటూ ఇటూ చూశాడు.

"తల ఎటువైపమ్మా?"

ఆమె చూపించింది. అతను అక్కడ మెల్లగా మోకాళ్ల మీద కూలబడి, నిద్రపోతున్న మనిషిని లేపుతున్నట్టు, "ఎజ్రా, నేనురా," అన్నాడు.