ఆరో స్తంభం

ఫిలింనగర్ బస్తీలో కిరాయికి ఉండేవాళ్లు ఎవరైనా పోతే, ఇంటి ఓనరు శవాన్ని గడప లోపలికి రానివ్వడు. మూడేళ్ల కింద నీలమ్మ భర్తను వానలో, రోడ్డు పక్కన టార్పాలిన్ కింద పడుకోబెట్టారు. ఆ రోజే ఆమె పట్టు పట్టింది, పెళ్లికైనా చావుకైనా బస్తీకి సొంత హాలు ఉండాలని.

నీలమ్మ దుబ్బాకలో మగ్గం నేసిన మనిషి. ఇప్పుడు సినిమాలకు బట్టలు కుడుతుంది. బస్తీ నిండా సెట్టు వడ్రంగులు, లైట్లవాళ్లు, మేకప్‌వాళ్లు. ఒకరి మాట ఒకరు వినే బాపతు కాదు. వాళ్లందరినీ కూర్చోబెట్టి ఆమె చెప్పింది ఒక్కటే.

"చీరల ఏ పోగు పని ఆ పోగు చేస్తది. ఎవరి పోగు వాళ్లు చూసుకోండ్రి, పక్కోని జోలికి పోకుండ్రి."

మంత్రం వేసినట్టు పనిచేసింది. ఆరు స్తంభాలు ఆరు జట్లు పంచుకున్నాయి. ఇనుప దూలాలూ రేకులూ ఒక జట్టు, రంగులు ఇంకో జట్టు. ఒక్క కొట్లాట లేదు. నీలమ్మ గర్వపడింది, కాస్త ఎక్కువగానే.

ప్రారంభం రేపనగా మధ్యాహ్నం హాల్లోకి వచ్చింది. నేసిన గుడ్డ మీద అరచెయ్యి నిమిరి తెగిన పోగును పట్టుకోవడం నేతవాళ్ల అలవాటు. అలాగే స్తంభాలను నిమురుతూ నడిచింది. ఐదు చల్లగా తగిలాయి. ఆరోది మాత్రం చల్లగా లేదు. వేలు మడిచి కొట్టింది. డొల్ల.

లోపల ప్లైవుడ్డు, పైన ప్లాస్టరు. అచ్చం షూటింగుకు పెట్టే స్తంభం. పక్కన దూలానికి ఆసరాగా ఉండాల్సిన కర్ర కూడా లేదు; ఫొటోల్లో బాగుండదని రంగులవాళ్లు పొద్దున్నే పీకేశారట. సరిగ్గా ఆ దూలం కింద మనవరాలు స్ఫూర్తి, పదిమంది పిల్లలతో రేపటి డాన్సు ప్రాక్టీసు చేస్తోంది.

నీలమ్మ ఒక్క ఉదుటున వెళ్లింది. పిల్ల రెక్క పట్టుకుని బయటికి ఈడ్చింది. మిగతా పిల్లలు బెదిరి వెంట పరిగెత్తారు. వెనక దూలం అంగుళం దిగి, కిర్రుమని ఆగింది.

సెట్టు మేస్త్రి వీరయ్య పరిగెత్తుకొచ్చాడు. ఇరవై ఏళ్లుగా కోటలు కట్టి కూల్చినవాడు. ఆరో స్తంభం అతని జట్టుదే.

"ఇటుక లారీ మన బస్తీ గుట్ట ఎక్కలే అక్కా. ముహూర్తం తప్పొద్దని గిది పెట్టిన. కర్ర ఉంటది కదా అనుకున్న. ఎల్లుండి అసలుది కడుతుంటి."

దూలాలవాళ్లు స్తంభం గట్టిదే అనుకున్నారు. రంగులవాళ్లు కర్రతో పని అయిపోయిందనుకున్నారు. ఎవరూ ఎవరినీ అడగలేదు. ఎందుకడుగుతారు? అడగొద్దన్నది తనే.

నీలమ్మకు అప్పుడు తట్టింది. నిలువు పోగుల సంగతే చెప్పింది, పేకను మర్చిపోయింది. అడ్డంగా వెళ్లే పేక ప్రతి పోగునూ ముట్టుకునే పోతుంది. తెగిన పోగు అక్కడే దొరికిపోతుంది. పేక లేకుండా చీరెక్కడిది? నలభై ఏళ్లు నేసి, ఇంత చిన్న మాట చెప్పలేకపోయినందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"రేపు ఓపెనింగ్ లేదు. ముందు ఆ దూలానికి కర్ర పెట్టండ్రి. అందరూ రాండ్రి. అందరి పని అందరూ ముట్టి చూడాలె."

సాయంత్రానికి బస్తీ అంతా వచ్చింది. మేకప్ మంజులత రెండో స్తంభం దగ్గర వంగి, మొదలు దగ్గర మట్టి కాస్త గీకి, తలెత్తింది.

"అక్కా, దీని పునాది ఎంత లోతు తీసిన్రు?"

అది నీలమ్మ జట్టు కట్టిన స్తంభం. గొయ్యి తవ్విన రోజు ఆమె అక్కడ లేదు, తర్వాత అడగనూ లేదు. అందరూ ఆమె వైపే చూస్తున్నారు.

"తెల్వదు," అంది నీలమ్మ. "గడ్డపార తెండ్రి."