మా ఆవిడకేం రాదండీ

"నువ్వు మంచి నర్సువేనా?" అని ఇంగ్లీషులో అడిగాను, పరీక్షాధికారిలా గొంతు బిగించి.

మా ఆవిడ నస్తరన్ చేతులు ఒళ్ళో పెట్టుకుని, తల కాస్త వంచి, చక్కటి ఇంగ్లీషులో జవాబిచ్చింది. "అబ్బే, లేదండీ. మా వార్డులో అందరూ నాకన్నా మంచివాళ్ళు. నేను వాళ్ళ కాలిధూళిని."

నేను పుస్తకం మూసి బల్ల మీద పడేశాను.

"ఏం, వాక్యం తప్పా?" అంది కంగారుగా.

"వాక్యం బంగారంలా ఉంది. కానీ అది విన్నవాడు నిన్ను వార్డు తుడవడానికి కూడా పెట్టుకోడు."

"అడగ్గానే నేను మంచిదాన్నే అని ఎలా చెప్తారు, సిగ్గు లేకుండా?"

"ఇంగ్లీషువాళ్ళు చెప్తారు."

"పాపం, పెంపకం లేదేమో" అంది, టీ గ్లాసు నా వైపు జరుపుతూ.

నేను షీరాజ్‌లో మగపిల్లల హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తాను. సాయంత్రాలు ఒక ట్యుటోరియల్లో అదే ఇంగ్లీషు మళ్ళీ చెప్తాను. నా పేరు కియూమర్స్, పిల్లలు చాటుగా పెట్టిన పేరు ఇంకోటుంది, అది ఇక్కడ అనవసరం. కోపం నాకు వృత్తితోపాటు వచ్చింది. అయితే ఎంత మొద్దు పిల్లాడి మీదా రానంత కోపం నాకు మా ఆవిడ మీద వచ్చేది, ఎందుకంటే ఆవిడకి అన్నీ వచ్చు. వ్యాకరణం వచ్చు, ఉచ్చారణ వచ్చు, మందుల పేర్లు నాకన్నా బాగా వచ్చు. తను మంచిదాన్నని చెప్పుకోవడం ఒక్కటే రాదు.

అది ఆవిడ తప్పు కూడా కాదు. మా వాళ్ళందరికీ ఉన్న జబ్బే. తారోఫ్ అంటాం మేం. మొహమాటం అనండి, మర్యాద అనండి, పాలతోపాటు పోస్తారు మాకు. ఎవరైనా మెచ్చుకుంటే కాదనాలి. ఏదైనా ఇస్తే వద్దనాలి. టాక్సీవాడు కూడా ఎంతివ్వాలని అడిగితే ముందు "మీ దగ్గర తీసుకోవడమా, ఉంచండి" అంటాడు. ఉంచుకుంటే మాత్రం ఊరుకోడు.

పరీక్ష సంగతి చెప్పాలి. కాలిన గాయాల వార్డులో నస్తరన్‌ది ఏళ్ళ తరబడి రాత్రి డ్యూటీ. ట్యుటోరియల్ నుంచి నేను ఇంటికొచ్చేసరికి ఆవిడ వెళ్ళిపోయి ఉంటుంది. పొద్దున్న ఆవిడ వచ్చేసరికి నేను బూట్ల లేసులు కట్టుకుంటూ ఉంటాను. మా కాపురం చాలావరకు గుమ్మం దగ్గరే జరిగిపోయింది. నా రాత్రి భోజనం మూత పెట్టిన గిన్నెలో ఉంటుంది, ఆవిడ నిద్ర కర్టెన్లు వేసిన గదిలో ఉంటుంది. ఇప్పుడు ఆసుపత్రిలో ఒమాన్ నుంచీ, కువైట్ నుంచీ, ఇంకా దూరాల నుంచీ వచ్చే రోగుల కోసం కొత్త వార్డు తెరిచారు. అందులో సీనియర్ నర్సుకి ఒకే ఒక్క పగటి పోస్టు ఉంది. దానికి ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష పెడతారు. భాష ఒక్కటే కాదు, మనిషి తీరూ ధీమా కూడా చూస్తారని చెప్పారు. ఆ పోస్టు వస్తే రాత్రిళ్ళు ఇద్దరం ఒకేచోట కూచుని వేడి అన్నం తింటాం. నాకు కావలసింది అంతే. తల నెరిసిన మగాడు భార్య పక్కన కూచుని భోంచెయ్యాలని ఇంత ఆశపడుతున్నాడా అని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

అందుకని స్కూలుకీ ట్యుటోరియల్‌కీ మధ్య దొరికే ఆ కాస్త మధ్యాహ్నంలో, నస్తరన్ నిద్ర లేచి జుట్టు ముడి వేసుకునే వేళకి, నేను పరీక్షాధికారిని అయ్యేవాణ్ణి. ముందు ఒకటే పాఠం పెట్టుకున్నాను. ఎవరైనా మెచ్చుకుంటే 'థ్యాంక్యూ' అనాలి. అని ఊరుకోవాలి. దాని వెనక తోక తగిలించకూడదు.

"మీ ఇంగ్లీషు చాలా బాగుంది" అన్నాను.

"థ్యాంక్యూ. మీ చెవుల మంచితనం అది."

"తోక."

"థ్యాంక్యూ. మీ ముందు నేనెంత..."

"తోక, నస్తరన్!"

"థ్యాంక్యూ" అని పెదాలు బిగించుకుంది. మిగతా మాటలు బయటికి రాకుండా పట్టుకున్నందుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నవ్వొచ్చింది నాకు. ఆవిడ కూడా నవ్వేసింది.

పట్టుదలగల మనిషి కదా, పాఠం ఒంటికి పట్టించుకుంది. ఎంతగా పట్టించుకుందంటే శుక్రవారం మా ఇష్రత్ పిన్ని ఇంటికి వెళ్ళినప్పుడు టీ ఇస్తే మొదటిసారికే తీసేసుకుంది. పిన్ని రెండోసారి బతిమాలడానికి తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. తరవాత పిన్ని కప్పుకున్న నీలం ఉన్ని శాలువా చూసి నస్తరన్ "ఎంత బాగుందో" అంది. "నీకన్నానా తల్లీ, తీసుకో, నీదే" అంది పిన్ని, మేమంతా అనేలాగే. "థ్యాంక్యూ పిన్నీ" అని మా ఆవిడ శాలువా అందుకుని భుజాల మీద వేసుకుంది.

పిన్ని ఒట్టి భుజాలు తడుముకుంది.

కారెక్కాక అడిగాను. "ఏమిటా పని?"

"నువ్వేగా తోక వద్దన్నావు."

"ఇంగ్లీషులో వద్దన్నాను. పిన్నితో కాదు."

"ఒక నోట్లో రెండు మర్యాదలు ఎక్కడ పెట్టుకోను కియూమర్స్? ఒకదానికి చోటిస్తే రెండోది జారిపోతోంది."

మర్నాడు మిఠాయి డబ్బాతో శాలువా తిరిగి ఇవ్వడానికి వెళ్ళాం. పిన్ని వద్దంటే వద్దంది. "ఇచ్చింది తీసుకుంటానా, చంపేస్తారా నన్ను" అని గుమ్మం దాకా తోసింది. మేం మళ్ళీ ఇచ్చాం, ఆవిడ మళ్ళీ తోసింది. చివరికి పెద్ద ఉపకారం చేస్తున్నట్టు తీసుకుంది. ఆవిడ ప్రాణం లేచి వచ్చింది, మా ప్రాణం కూడా.

ఇంటికొచ్చి మళ్ళీ పాఠం మొదలుపెడితే నస్తరన్ పుస్తకం పక్కన పెట్టేసింది.

"నా వల్ల కాదు. అబద్ధం ఆడినట్టుంది."

"మంచి నర్సువి అనడం అబద్ధమా?"

"ఏమో, నాకెవరు చెప్పారు? రోగులు చెప్తారు, వాళ్ళు ఇంటికెళ్ళే సంతోషంలో అందరికీ చెప్తారు. మా మేట్రన్ ఎప్పుడూ చెప్పలేదు. నువ్వు ఎప్పుడైనా చెప్పావా? చుట్టాలు నన్ను మెచ్చుకుంటే 'మీ అభిమానం, దీనికేం తెలుసు' అంటావు. నేను వంట చేస్తే 'పరవాలేదు' అంటావు."

"అది పద్ధతి కదా."

"పద్ధతే. నేను తప్పని అనలేదు. కానీ ఇన్నేళ్ళు ఆ మాట విన్నదాన్ని, ఇప్పుడు పరాయి భాషలో నేను గొప్పదాన్నంటే నాకే నమ్మకం కుదరడం లేదు."

గొంతు సవరించుకుని, పరీక్షాధికారి గొంతులోనే, ఇంగ్లీషులో అన్నాను. "మీరు మంచి నర్సు. మీకు ఓపిక ఎక్కువ. మీరు నవ్వితే ఇల్లు బాగుంటుంది." ఆ చివరి వాక్యం పుస్తకంలో లేదు.

ఆవిడ పుస్తకాన్ని ఇంకాస్త దూరం జరిపింది. "ఇదే ఫార్సీలో చెప్పు" అంది మెల్లిగా.

చెప్పలేకపోయాను. ఇంగ్లీషులో ఆ మాటలు ఎవరివో కోటు వేసుకున్నట్టు సులువుగా వచ్చాయి. ఫార్సీ నాది, మా అమ్మది, మా వీధిది. అందులో నోరు తెరవబోతే చెవులు వేడెక్కాయి. ట్యుటోరియల్‌కి టైమైందని లేచాను. ఇంకా కాలేదు. ఆవిడకీ తెలుసు, గడియారం ఎదురుగానే ఉంది.

పరీక్ష రోజున స్కూలుకి సెలవు పెట్టి తోడు వెళ్ళాను. ఆసుపత్రి వసారాలో నలుగురు నర్సులు కూచుని ఉన్నారు. గుమాస్తా తలుపు తీసి "ఎవరైనా ఒకరు రండి" అన్నాడు. "మీరు వెళ్ళండి", "ఛ, మీ ముందు నేనెలా", "పెద్దవారు మీరుండగానా" అని నలుగురూ లేచి నిలబడి ఒకరినొకరు తలుపు వైపు తోసుకున్నారు. గుమాస్తా గోడకి చేరబడి కళ్ళు మూసుకున్నాడు. ఆఖరికి నస్తరన్ "నేను వెళ్తాను, థ్యాంక్యూ" అని లోపలికి నడిచింది. మిగతా ముగ్గురూ ముఖాలు చూసుకున్నారు. నాకు మాత్రం ఛాతీ ఉబ్బింది.

చాలాసేపయింది. లోపలి నుంచి మాటలు తెలియడం లేదు గానీ ఆవిడ గొంతు ఆగకుండా వినిపిస్తోంది. ఒకసారి నవ్వు వినపడింది. ఇంక భయం లేదనుకున్నాను.

తలుపు తెరుచుకుంది. ముందు నస్తరన్, వెనకే పరీక్ష చేసిన డాక్టర్ ఆనాహీతా వచ్చారు. డాక్టరుగారు లండన్‌లో పుట్టి పెరిగింది, తండ్రి ఊరని ఈ మధ్యే ఇక్కడికి వచ్చింది. కొత్త వార్డు ఆవిడదే. ఫార్సీ మాట్లాడుతుంది గానీ మాటలు ఒక్కొక్కటే వెతుక్కుని పెడుతుంది. నన్ను చూసి చెయ్యి గుండె మీద పెట్టుకుని పలకరించింది.

"మీరు భర్తగారా? మీ భార్య చాలా బాగా మాట్లాడారు. నాకు చాలా నచ్చింది."

నా నోరు నన్నడగలేదు. పుట్టినప్పటి నుంచీ అలవాటైన దారిన అదే పరిగెత్తింది.

"అబ్బే, మీ అభిమానం. మా ఆవిడకేం రాదండీ. ఏదో నేను నాలుగు ముక్కలు నేర్పించి పంపించాను."

డాక్టరుగారి నవ్వు ఆగిపోయింది. ఇక్కడ పుట్టిన మనిషైతే "అలా అనకండి" అని ఇంకో రెండు పొగిడి ఊరుకునేది. ఈవిడ విన్నదాన్ని విన్నట్టే తీసుకుంది.

"ఏమీ రాదా? మరి లోపల చెప్పిందంతా మీరు రాసిచ్చి బట్టీ పట్టించారా?" చేతిలో కాగితాల వైపు చూసుకుంది. "నాకు బట్టీ పట్టినవాళ్ళు పనికిరారు. రోగి ఏ నిమిషంలో ఏం అడుగుతాడో ఎవరూ ముందు రాసివ్వలేరు."

నస్తరన్ నా వైపు చూడలేదు. రోగి కట్టు కొస సర్దుతున్నట్టు తలగుడ్డ అంచు సర్దుకుంటూ నేలకేసి చూస్తోంది. కోప్పడినా బాగుండేది. 'నాకు తెలుసు, నువ్వింతే' అన్నట్టు నిలబడింది, అదే నన్ను కోసేసింది. వసారాలో అందరూ మమ్మల్నే చూస్తున్నారు. ముగ్గురు నర్సులు, గుమాస్తా, చక్రాల కుర్చీలో ఒక ముసలాయన.

"లేదు డాక్టర్‌గారూ" అన్నాను. ఇంగ్లీషులోకి పారిపోదామనిపించింది. పారిపోలేదు. "నేను అబద్ధం చెప్పాను. మర్యాద కోసం చెప్పాను, కానీ అబద్ధమే. ఈవిడకి అన్నీ వచ్చు. నేను నేర్పింది ఒక్క 'థ్యాంక్యూ', అది కూడా అంతంతమాత్రంగా నేర్పాను. ఒళ్ళు కాలిన పసిపిల్లలకి కట్టు మార్చేటప్పుడు ఈవిడ ఏవో కబుర్లు చెప్తుంది. వాళ్ళు కథ అయిపోయిందని ఏడుస్తారు గానీ కట్టు మార్చినందుకు ఏడవరు. నేను చూశాను. అన్నం వారుస్తూ ఇంగ్లీషు చదువుకుంది. నిద్రలో కూడా ఇంగ్లీషులో ఎవరికో ధైర్యం చెప్తోంది, అది నేను రాసివ్వలేదు. డ్యూటీ నుంచి వచ్చి, చేతులు మందు వాసనేస్తున్నాయని నా టీ గ్లాసు ముట్టుకోదు. ఆ వాసనంటే నాకు ఇష్టం. అది రాగానే మా ఇంట్లో తెల్లవారినట్టు ఉంటుంది. ఈ సంగతి ఆవిడకి నేనెప్పుడూ చెప్పలేదు." ఇంక ఆపాలని తెలుస్తోంది, ఆగలేకపోయాను. "మీ వార్డుకి ఈవిడ దొరకడం మీ అదృష్టం. నాకు దొరకడం కూడా."

చక్రాల కుర్చీలో ముసలాయన "బారకల్లా" అన్నాడు, మెచ్చుకోలుగా. నా చెవులు కాలిపోతున్నాయి.

డాక్టర్ ఆనాహీతా నన్ను వదిలేసి నస్తరన్ వైపు తిరిగి, ఈసారి ఇంగ్లీషులో అడిగింది. "ఆయన చెప్పినదంతా నిజమేనా?"

మా పద్ధతిలో దీనికి జవాబు ఒక్కటే ఉంది. లేదండీ, ఆయన అభిమానం. ఆ ఒక్క మాటతో మళ్ళీ మొదటికొస్తాం. నస్తరన్ తల ఎత్తింది. కళ్ళు తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగా ఉంది.

"నిజమే" అంది ఇంగ్లీషులో. "అంతా నిజమే. టీ గ్లాసు సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. ఆయన నెమ్మదిగా నేర్చుకుంటాడు, డాక్టర్. కానీ నేర్చుకుంటాడు."

డాక్టరుగారు పెద్దగా నవ్వింది. కాగితం మీద ఏదో రాసుకుని, మిగతా ముగ్గురినీ కూడా చూడాలి కాబట్టి సాయంత్రం కబురు చేస్తానని చెప్పి లోపలికి వెళ్ళింది.

సాయంత్రం ఫోను వచ్చింది. శనివారం నుంచి పగటి డ్యూటీ. నస్తరన్ ఫోను పెట్టేసి వంటింట్లోకి నడిచింది. నేను ఆ రోజు ట్యుటోరియల్‌కి వెళ్ళలేదు. ఆవిడ వంకాయ కూర చేసింది, మా వాళ్ళు పోటీపడి తినే, అన్నం అడుగున కరకరలాడే మాడు ముక్క నా పళ్ళెంలో వేసి ఎదురుగా కూచుంది. మొదటి ముద్ద తిన్నాను. ఆవిడ చూస్తోంది.

"పరవా..." అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"చాలా బాగుంది" అన్నాను, ఫార్సీలో.

"అవును" అంది నస్తరన్, "తెలుసు" అని తన పళ్ళెంలోకి వడ్డించుకుంది.