వినబడితే వేలెత్తు

పోశమ్మ గొంతు విప్పి పిలిచిందంటే సూరత్‌ల డిండోలి బస్తీల మూడు గల్లీల అవతలున్నోళ్లు గూడ "ఏందక్కా" అని పలుకుతరు. పలకనోడు ఒక్కడే, ఆమె మొగడు ముత్యం. అయిదు నెలలాయె. అన్నం పెట్టి పిలిచినా పలకడు, నీళ్లు తోడి పిలిచినా పలకడు. గోడ దిక్కు చూసుకుంట కూసుంటడు.

"చెవులు పోయినయి," అని పోశమ్మ తేల్చేసింది. ఆమె తప్పేం లేదు లెండి. ఇరవై ఆరేండ్లు మరమగ్గాల మోతల నిలబడ్డ మనిషాయె. సిరిసిల్ల నుంచి సూరత్ దాక వాళ్ల చుట్టాలల్ల సగం మందితోని అరిచే మాట్లాడాలె. పనికి పోవుడు బంద్ చేసిండు, తిండి తగ్గింది, కంటికి కునుకు లేదు. అన్నిటినీ ఆ చెవుల మీదికే తోసి, మూతికి మాస్కు కట్టిచ్చి, బిడ్డ ఊర్మిళను తోలుకొని చెవుల డాక్టరు దగ్గరికి పట్టుకపోయింది. కరోనా రెండోసారి వచ్చి పోయినంక, బతుకమ్మ ఇంకో పది రోజులుందనంగ.

అక్కడ ముత్యాన్ని అద్దాల అర్రల కూసోబెట్టి, చెవులకు డబ్బాల్లాంటివి తగిలిచ్చి, "ఆవాజ్ వినబడితే వేలెత్తు," అన్నరు. పోశమ్మ అద్దంల నుంచి చూస్తున్నది. ముత్యం వేలు లేచింది. మళ్ల లేచింది. మళ్ల లేచింది.

"మగ్గాల మోతకు కొంచెం దెబ్బతిన్నయి గని, మాటలు మంచిగనే వినబడుతున్నయమ్మా," అన్నడు డాక్టరు హిందీల. "పలకకపోవుడు చెవి రోగం కాదు. మనసుది కావొచ్చు. ఆ చదువు చదివినోళ్లకు చూపియ్యి." ఒక కాగితం మీద రెండు పేర్లు రాసిచ్చిండు.

పోశమ్మ కాగితం అందుకున్నది గని, చూపు అద్దం అవతలున్న ముత్యం మీదనే ఉన్నది. వినబడుతున్నదా? అంటే అయిదు నెలల సంది తను "చెవిటోడా" అని తిట్టింది, కాళ్లు పట్టుకొని ఏడ్చింది, అన్నీ విన్నడా?

దవాఖాన మెట్ల మీదనే పట్టుకున్నది. "అన్నీ విన్నవా? విని గూడ రాయి తీర్గ కూసున్నవా? నీది గుండెనా, బండనా?"

మాస్కు మీదికెల్లి ముత్యం రెండు కండ్లు నీళ్లతోని నిండినయి. అంతే, పోశమ్మ కోపం నీరుగారిపోయింది, దాని జాగల భయం వచ్చి కూసున్నది. చెవి పోతే మిషను పెట్టిస్తరు. మనిషే లోపలికి పోయి తలుపేసుకుంటే ఎవరు తీస్తరు? మే నెలల, పక్క మగ్గాల మీద పనిచేసే దోస్తు దశరథం కరోనాతోని పోయిన సంది మొదలైంది ఇది. అప్పుడే ఎందుకు తోచలేదని తన నెత్తి తనే కొట్టుకున్నది.

సంగతి తెలిసి పోశమ్మ అన్న కనకయ్య వచ్చిండు. "పిచ్చి డాక్టరా! నలుగుట్ల తలెత్తుకోనిస్తవా చెల్లె?" అని లేచి, ఫోన్ తీసి వీడియోలు చూపెట్టిండు. ఒకాయన ఏదో పొడి పంపుతడట, ఏడు రోజులల్ల మనిషి లేడిపిల్ల తీర్గ దుంకుతడట. కింద వందల మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టిండ్రు. పోశమ్మకు ఆశ పుట్టింది. ఎందుకు పుట్టదు? ఫోన్ చేసింది.

"ఏడు రోజులు. పక్కా గ్యారంటీ," అన్నడు అవతలాయన.

"ఆయనకేమైందో జర అడుగరా?"

"అవసరం లేదు బహెన్. పొడి ఒక్కటే, రోగం ఏదైనా."

గా మాట దగ్గర పోశమ్మ ఆగింది. ఆమె పని బట్ట చెకింగు. తాకా అనేటి బట్ట చుట్టను లైటు బల్ల మీద విప్పి పరుసుకుంట, పోగు తెగిన కాడల్ల చాక్‌పీసుతోని గీత పెట్టుడు. పద్దెనిమిదేండ్ల సంది అదే పని. విప్పకుండనే "ఫస్ట్ క్లాస్ మాల్" అన్నోని మాల్ ఆమె ఎన్నడు పాస్ చెయ్యలేదు.

"మనిషిని చూడకుండనే ముద్ర కొడుతవారా నువ్వు," అని ఫోన్ పెట్టేసింది.

ఇగ తల్లీబిడ్డలు కూసున్నరు. డాక్టరు రాసిచ్చిన పేర్లు రెండు, ఊర్మిళ కాలేజీ మేడం చెప్పినది ఇంకోటి. "ఏక్ మినిట్ అమ్మా, వీళ్లకు రిజిస్ట్రేషన్ ఉన్నదా లేదా సర్కారు సైటుల చూస్త," అని ఊర్మిళ వెతికింది. ముగ్గురి పేర్లూ ఉన్నయి. "మంచిది. చదువైతే ఉన్నది, ఇగ గుణం చూద్దాం," అన్నది పోశమ్మ. ముగ్గురికీ ఫోన్ చేసి ఒకటే మాట అడిగింది: ఎన్ని రోజులల్ల మాట్లాడతడు?

ఒకాయనకు తీరికే లేదు, వచ్చే నెల చెయ్యమన్నడు. ఇంకొకాయన ఇరవై సార్లు వస్తమని ముందుగాలనే పేరు రాయించుకుంటేనే ముచ్చట అన్నడు. మూడో పేరు నీరజ. వరంగల్ పిల్ల, మొగని నౌకరీ మీద సూరత్ వచ్చింది. తెలుగులనే మాట్లాడింది.

"తెల్వదమ్మా," అన్నది నీరజ. "ఆయన్ను చూడకుండ ఎట్ల చెప్త? నేను మాటలతోని చూసేదాన్ని, మందులు రాయను. మందులు అవసరమైతే రాసే డాక్టరు దగ్గరికి పంపుత. నాతోని ఆయనకు కుదరకపోతే ఇంకొకరి పేరు చెప్త. ఒక్కటి చెప్పున్రి. చచ్చిపోవాలని ఎప్పుడన్న అన్నడా?"

"మాటే లేదాయె బిడ్డా. ఏమనుకుంటున్నడో నాకేం ఎరుక?"

"అయితే ఆగొద్దు, రేపే తీసుకరాండ్రి. నేనే అడుగుత."

పోశమ్మ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి, "గీమెనే," అన్నది ఊర్మిళతోని.

పక్కనే ఉన్న కనకయ్య ఎగిరిపడ్డడు. "తెల్వదన్న దాని దగ్గరికి పోతరా ఎవరన్న?"

"తెల్వనిది తెల్వదన్నది. నీకు ఎన్నడన్న చాతనైందా అన్నా, ఆ మాట?"

కనకయ్య చాయ్ తాగి పోయిండు.

మొదటి రెండుసార్లు ముత్యం నీరజ ముంగట గూడ గోడనే చూసిండు. చావు సంగతి అడిగితే మాత్రం లేదన్నట్టు తల ఊపిండట. బయట బల్ల మీద పోశమ్మకు కడుపు మండుతున్నది. గింత దూరం ఆటోల వచ్చింది గోడ చూసెతందుకా? నీరజ బయటికి వచ్చి, "నిద్రకు మందులు కావాలె, రేపు సైకియాట్రిస్టును కలువున్రి," అని పేరు చెప్పి, మెల్లగ అన్నది: "అమ్మా, ఇంట్ల మాట కోసం ఆయనతోని కొట్లాడకున్రి. విన్నడని మీకు తెలిస్తే చాలనుకోండ్రి కొన్ని దినాలు."

పోశమ్మకు ఆ అద్దాల అర్ర యాదికొచ్చింది.

ఇంటికి పోయినంక ముత్యం ముందట కూసున్నది. "ఊర్మిళ బాపూ, నువ్వేం మాట్లాడకు. నేనడగ. వినబడితే వేలెత్తు, గంతే. జొన్నరొట్టె చెయ్యాల్నా?"

శానసేపటికి, తొడ మీదున్న చెయ్యి కదిలింది. వేలు లేచింది. పోశమ్మ గబగబ వంటింట్లకు పోయి, పిండి కలుపుకుంట ఎక్కెక్కిపడి ఏడ్చింది. అయిదు నెలలల్ల అంత సంతోషం ఎరుగదు.

ఇగ రోజూ అదే భాష. కొన్ని దినాలు వేలు లేస్తది, కొన్ని దినాలు లేవదు. లేవని దినం పోశమ్మకు నోరు దురద పెడతది, అయినా నాలికను పళ్ల కింద పట్టుకున్నది. మందులకు నిద్ర పట్టింది. వారం వారం నీరజ దగ్గరికి పోవుడు తప్పలేదు. దీపావళికి ముత్యం గడప మీదికొచ్చి కూసున్నడు.

డిసెంబరుల ఒక పొద్దుగాల పోశమ్మ పొయ్యి మీద చాయ్ పెట్టింది. గిన్నెలు కడుగుకుంట ఏదో గొణుగుతున్నది.

"ఏమే పోశీ."

చేతిలున్న గిన్నె జారింది. పోశమ్మ వెనుకకు మర్లలే. తడి చెయ్యి ఎత్తి ఒక వేలు చూపెట్టింది.

ముత్యం వచ్చి తలుపుకాడ కూలబడ్డడు. "దశరథం ఊర్లె మంచిగుండెనే," అన్నడు. "మొదటి లాక్‌డౌన్‌కు పోయినోడు, అక్కడనే ఉండేటోడు. పని షురూ అయింది రారా అని నేనే ఫోన్ చేసి పిలిచిన. నేను పిలువకపోతే..."

పోశమ్మ పొయ్యి బంద్ చేసి ఆయన ముందట కూసున్నది. ఎత్తిన వేలు ఇంకా దించలేదు.