నిలబడిన బొమ్మలు, కూర్చున్న నూకమ్మ

నేను ఒక మూడు పలకల స్కేలును. అల్యూమినియం ఒంటి మీద మూడు అంచులు, అంచుకు రెండు రకాల గీతలు. ఒక అంచున ఒక సెంటీమీటరు చూపించి మీటరు అంటాను, ఇంకో అంచున రెండు సెంటీమీటర్లు చూపించి మీటరు అంటాను. ఇంత పెద్ద ప్రపంచాన్ని కాగితంలో ఇమిడ్చే పని నాది. అలాంటిదాన్ని తీసుకొచ్చి ఆర్కిటెక్చరు విద్యార్థుల చేతిలో పెట్టారు.

నా మొదటి యజమాని గిరిధర్. బొమ్మలన్నీ కంప్యూటరులో గీసి, నాతో వీపు గోక్కునేవాడు. గాలికి కిటికీ తలుపు కొట్టుకుంటే నన్ను అడ్డం పెట్టేవాడు. ఐదేళ్ళు అలా విద్యాభ్యాసం చేసి, పట్టా పుచ్చుకుని వెళుతూ, ఒక ప్లేటు పునుగులకు నన్ను సుమేధకు అప్పగించాడు. ఆ పునుగుల్లో కూడా సగం ఆమెకే పెట్టాడట. నా విలువ అంత.

సుమేధ విశాఖపట్నంలో ఆర్కిటెక్చరు చివరి సంవత్సరం చదువుతోంది. ఐదేళ్ళ చదువూ చివరికి ఒక్క ప్రాజెక్టు మీద నిలబడుతుంది. పెద్దలు కొందరు జ్యూరీ అని పేరు పెట్టుకుని కూర్చుని దాన్ని చూస్తారు. ఒప్పుకుంటే పట్టా, లేదంటే ఇంకో ఏడాది అదే బల్ల, అదే జిగురు వాసన. సుమేధ తీసుకున్నది సముద్రం ఒడ్డున చేపల బజారు. మొదటి రెండు సమీక్షల్లో దాన్ని వెనక్కి పంపారు. మిగిలింది ఆఖరి జ్యూరీ ఒక్కటే.

అయినా ఆ పిల్లకు దిగులుండేది కాదు. వేలి మీద ఆరిన ఫెవికాల్ చిరగకుండా ఒకే పొరగా ఊడి వస్తే చాలు, పక్క బల్లవాళ్ళందరికీ చూపించి మురిసిపోయేది. ఏడాది పోయేలా ఉన్న మనిషి ఫెవికాల్ పొర చూసుకుని మురిసిపోవడమేమిటో నాకు అర్థమయ్యేది కాదు.

ఆమె బజారుకు మూలం 'అల' అట. ఈ కాలేజీలో నేను చూసిన ఆసుపత్రి అల, బస్‌స్టాండు అల. ఒకడు శ్మశానాన్ని కూడా అలగా గీశాడు. ఏమీ తోచనప్పుడు వీళ్ళకు సముద్రం గుర్తొస్తుంది. సుమేధ కప్పును మూడు అలలుగా వంచి, దాని కింద ఛాతీ ఎత్తున గట్లు కట్టి, మనుషుల బొమ్మలు అతికించింది. ఆ బొమ్మలు ఏదో పరాయి దేశపు వెబ్‌సైటు నుంచి దించినవి. బ్రీఫ్‌కేసు పట్టుకున్న పెద్దమనిషి, కుక్కపిల్లతో ఒక దొరసాని, బెలూను పట్టుకున్న బిడ్డ. ఈ కాలేజీలో ఎవరు ఏం గీసినా ఈ ముగ్గురే వచ్చి నిలబడతారు. శ్మశానంలో కూడా బెలూను పట్టుకున్న బిడ్డ ఉంది.

ఆమెకు దారి చూపవలసిన పట్టాభి సార్ కళ్ళజోడు పైకెత్తి చూశారు.

"ఏమ్మా, ఇది చేపల బజారా, ఎయిర్‌పోర్టా?"

"బజారే సార్."

"ఆ ఊరు వెళ్ళావా?"

"డ్రోన్ ఫోటోలున్నాయి సార్."

"డ్రోను వెళ్ళిందన్నమాట. నువ్వు కూడా ఓసారి వెళ్ళు. ఇంకా పదిహేను రోజులుంది."

ఈ సార్ చేప వాసన వస్తే వీధి మారే మనిషి. అయినా మాట సరైనదే కాబట్టి ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున్నే సుమేధ సంచిలో నన్నూ, చుట్టిన డ్రాయింగునూ పెట్టుకుని బజారుకు వెళ్ళింది. పడవలు అప్పుడే ఒడ్డుకు వచ్చాయి. తడి ఇసుక మీద గోనెలు పరుచుకుని ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. ఆ వరసలో మొదటి మనిషి నూకమ్మ. చేపను రెండు చేతులా పట్టుకుని, కత్తిపీటను కాలితో తొక్కిపట్టి, బేరం ఆపకుండానే ముక్కలు కోస్తోంది. సుమేధ వెళ్ళి గోనె అంచున నన్ను ఆనించి కొలవబోయింది.

"ఏటే పిల్లా, ఆ కర్రతో ఏటి కొలుత్తన్నావు?"

"మీకు కొత్త బజారు గీస్తున్నానండీ," అని సుమేధ డ్రాయింగు విప్పి చూపించింది.

నూకమ్మ తడి చెయ్యి చీరకు తుడుచుకుని, చాలాసేపు వంగి చూసింది.

"ఈ కుక్కపిల్లతో ఉన్న దొరసాని ఎవులు?"

"ఊరికే బొమ్మండీ."

"బెలూను ఎట్టుకున్న గుంట?"

"అదీ బొమ్మేనండీ."

"అందరూ బాగానే ఉన్నారు. మరి నానేదీ?"

సుమేధ గట్టు వెనక వేలు పెట్టి చూపించింది. "మీరు ఇక్కడ నిలబడతారు."

"నిలబడితే కత్తిపీట ఎలా తొక్కుతాననీ? పొద్దల్లా నిలబడితే నా మోకాళ్ళు నీవిత్తావా?" పక్కన కూర్చున్న పరదేశమ్మ వైపు తిరిగింది. "ఒలే, మనల్ని ఆస్పత్రి నర్సులనుకుందే ఈ పిల్ల."

వరస వరసంతా నవ్వింది. నేను సంచిలో తల దాచుకుందామంటే సుమేధ నన్ను చేతిలోనే పట్టుకుని నిలబడింది. ఐదేళ్ళు చదివిన మనిషికి, చేపలమ్మే ఆడవాళ్ళు కూర్చుని అమ్ముతారన్న సంగతి తట్టలేదు. దించుకున్న బొమ్మలన్నీ నిలబడే ఉన్నాయి కదా, వాటిని చూసి బజారంతా నిలబెట్టేసింది.

సుమేధ చెప్పులు విడిచి గోనె మీద కూర్చుంది. కూర్చున్న నూకమ్మ కన్ను నేల నుంచి ఎంతెత్తున ఉందో, చాచిన మోకాలికి ఎంత చోటు కావాలో, కొనేవాళ్ళు నడుము ఎంత వంచుతున్నారో కొలిచింది. నా నిజమైన సెంటీమీటర్లతో ఇన్నేళ్ళలో ఎవరికీ అక్కర లేకపోయింది. ఆ రోజు వాటికి పని పడింది. చేపలు కడిగిన నీళ్ళు ఎటు పోవాలో నూకమ్మే చెప్పింది.

తిరిగొచ్చాక అలలు పోయాయి. మామూలు వాలు కప్పు వచ్చింది. దాని కింద ఒకటిన్నర అడుగుల ఎత్తున వెడల్పాటి అరుగు. అమ్మేవాళ్ళు దాని మీద కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు, కొనేవాళ్ళు అంతగా వంగనక్కరలేదు. బొమ్మలన్నీ పీకేసి, కత్తిపీట ముందు కూర్చున్న ఒక ఆడమనిషిని సుమేధ తన చేత్తో గీసింది. ముక్కు సరిగా రాలేదు. మోకాలు మాత్రం బాగా వచ్చింది.

జ్యూరీలో బయటి ఊరి నుంచి వచ్చిన ఒక మేడమ్ అడిగింది. "రూఫ్ మరీ మామూలుగా ఉందే?"

"అవును మేడమ్."

అల గురించి చెప్పి పరువు తీస్తుందేమోనని భయపడ్డాను. చెప్పలేదు.

"నీళ్ళన్నీ కొనేవాళ్ళ కాళ్ళ మీదికి రావూ?"

"అరుగు వెనక్కి వాలుతుంది మేడమ్, కాలువ అటుంది. నూకమ్మగారు అలా ఉండాలన్నారు."

"ఆవిడ ఎవరు, కన్సల్టెంటా?"

సుమేధ బొమ్మ మీద వేలు పెట్టింది. "ఈవిడే."

మేడమ్ ముందుకు వంగి ఆ బొమ్మను చూసింది. పట్టాభి సార్ దగ్గారు. గొప్ప మార్కులేమీ రాలేదు గానీ ప్రాజెక్టు గట్టెక్కింది. పట్టా ఖాయమైంది. ఆ సాయంత్రం పిల్లలంతా ఐదేళ్ళ నమూనాలను కాలేజీ వెనక కుప్ప పోశారు. సుమేధ మాత్రం తన అరుగు నమూనాను అట్టపెట్టెలో పెట్టుకుని, నన్నూ పట్టుకుని మళ్ళీ బజారుకు వెళ్ళింది.

"పాసయ్యానండీ, నూకమ్మగారూ."

నూకమ్మ నమూనాను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "బాగుందే. ఎప్పుడు కడతారు?"

"కట్టరండీ. ఇది పరీక్ష కోసం."

"పరీచ్చకేనా? మరి నా మోకాలెందుకు కొలిసినావు?"

జ్యూరీలో ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. వాళ్ళకు తట్టదు కూడా. నేనైనా ఆ ప్రశ్నను ఎన్నడూ అడగలేదు, ఎన్ని కట్టని ఇళ్ళు కొలిచానో లెక్కే లేదు.

ఆ ఆదివారం సుమేధ ఒక ఆటో నిండా ఇటుకలూ, ఒక నాపరాయీ వేసుకొచ్చింది. పరదేశమ్మ అల్లుడు తాపీ పట్టాడు. ఒక్క మనిషి కూర్చునేంత అరుగు కట్టారు. ఎత్తు కొలవడానికి నేనొక్కదాన్ని చాలక, నిలువునా ఒకసారి పెట్టి, ఇంకో సగం జరిపారు. నూకమ్మ ఎక్కి కూర్చుని, కాలు చాపి, కత్తిపీట తొక్కి చూసింది. "రెండు వేళ్ళెత్తు తగ్గించు," అంది. తగ్గించారు. "నాకెప్పుడే?" అని పరదేశమ్మ అప్పుడే మొదలుపెట్టింది. సుమేధ ఆ నాపరాయిని అరచేత్తో తడిమి తడిమి చూసుకుని, ఆ సంతోషంలో నన్ను అక్కడే మరిచి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేను నూకమ్మ దగ్గరున్నాను. పండుగప్పకు పొలుసు గీకడానికి నా అంచు భలే పనికొస్తుందని ఆమె అంటుంది. గీతలన్నీ అరిగిపోతున్నాయి. ఒక ఆదివారం సుమేధ రెండో అరుగుకు ఇటుకలు తెచ్చి, నన్ను చూసి, తిరిగి తీసుకోబోయింది.

"పొలుసు అయ్యాక ఇత్తానుండు," అంది నూకమ్మ.

బుట్టలో ఇంకా పన్నెండు చేపలున్నాయి.